పెట్టెలో వచ్చిన పులస

నిన్నటికి గోదారిలో మిగిలిన పులసలు పదిహేడు. ఏ చేప చచ్చినా, దాని ఒంట్లో దిగిన పురుగుమందు ఏ తోటదో యంత్రం పట్టేస్తుంది. చేపను పెట్టెలో పెట్టి ఆ తోటవాళ్ల ఇంటికే పంపుతారు.

మా లంకలో ఎవరు ఎంత మందు కొడితే పులసకు ముప్పో అంచనా వేసి అనుమతులిచ్చే ఉద్యోగం నాది. నిన్ననే పొరుగింటి మంగాయమ్మకు మందు కొట్టడం కుదరదు పొమ్మన్నాను.

ఈ ఉదయం పెట్టె మా గుమ్మంలోనే దిగింది.

ఈ పద్ధతి ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండని మా అత్తగారు మూత తీసి మురిసిపోయారు. "పులసేనే! ఎన్నేళ్లయిందో చూసి! మీ పుట్టింటోళ్లు పంపేరా?"

మా వంగతోటకు నేను వేసిన అంచనాలో తప్పు లేదు. ఆకు మీద పడిన ప్రతి చుక్కా అందులో ఉంది. కానీ మందు కొట్టాక స్ప్రేయర్‌ను, మా వాళ్లంతా ఎప్పుడూ చేసినట్టే, నేనే రేవులో ముంచి కడిగాను. ఆ కడుగునీళ్ల సంగతి నాకు తోచనే లేదు.

"అలా నిలబడిపోయేవేంటే?" అత్తయ్య అప్పటికే చింతపండు నానబెట్టేశారు. "రేవులోకెళ్లి శుభ్రంగా కడుక్కురా."

పెట్టె ఎత్తుకుని గుమ్మం దాటాను. రేవు దగ్గర బోర్డు మీద పదహారు అని వెలుగుతోంది. దాని కింద మంగాయమ్మ నిలబడి, నా చేతుల్లోని పెట్టెనే చూస్తోంది.