నూగు పురుగుకు ఇచ్చిన చోటు

ఒక ఇంట్లో మంచం కింద చుట్టిపెట్టిన ఉన్ని తివాచీ ఉండేది. దానికి పైన, మంచం అడుగు మూలలో ఒక సాలీడు గూడు కట్టుకుంది. తిని వదిలేసిన ఈగల డొప్పలు కింద రాలితే ఇంటావిడ చీపురు పట్టుకొస్తుందని సాలీడుకు ఎప్పుడూ దిగులే.

ఒకరోజు తివాచీలోంచి, ఒళ్లంతా గరుకు వెంట్రుకలున్న ఒక నూగు పురుగు పాక్కుంటూ వచ్చింది.

"అక్కా, ఎండిపోయినవే నాకు తిండి. నీ కింద పడ్డదంతా నేను శుభ్రం చేస్తాను, ఇక్కడ ఉండనిస్తావా?" అంది.

సాలీడు సంతోషంగా ఒప్పుకుంది. ఆ తర్వాత కింద నలుసు కూడా మిగల్లేదు.

గోడమీది బల్లి ఇదంతా చూసింది. "దాన్ని తరిమెయ్యి. తివాచీకి ఎలా తూట్లు పొడిచిందో చూడు. పోగు కనిపిస్తే అది వదలదు," అంది.

"నన్ను మింగాలని తిరిగేదానివి, నువ్వా నాకు చెప్పేది?" అని సాలీడు మొహం తిప్పుకుంది. తివాచీ వైపు చూడనైనా చూడలేదు.

వానలు మొదలయ్యాక సాలీడు గుడ్లు పెట్టి, మెత్తటి సంచి అల్లి అందులో దాచుకుంది. గాలికి గూడు అవతలి కొస తెగితే, రెండు రోజులు అక్కడే ఉండి బాగుచేసుకుంది. తిరిగొచ్చేసరికి సంచికి చిల్లు పడి ఉంది. లోపల నూగు పురుగు కడుపు నిండి పడుకుంది.

"నా పిల్లలే అవి," అంది సాలీడు.

"కదల్లేదు కదక్కా, నాకేం తెలుసు?" అంది పురుగు.

సాలీడు ఆ పురుగు మీద పడి కరవబోయింది. దాని నూగు సాలీడు మొహమంతా గుచ్చుకుంది. పురుగు మెల్లగా తివాచీలోకి దిగిపోయింది.

సాలీడు ఆ చిల్లును పోగు పోగుగా పూడ్చి, ఏమీ లేని సంచికి కాపలా కూర్చుంది.