తద్దినం జెల్లీ

"గరిటె కింద పెట్టు!" అని అరిచింది హ్వే.

కొత్తామె పెట్టలేదు. పొయ్యి మీద జెల్లీ కోసం నీళ్లలో కలిపిన సముద్రపు నాచు పొడి కుతకుత ఉడుకుతోంది. కలపడం ఆపితే అడుగంటుతుంది.

"అరవకు అక్కా. కొబ్బరిపాలు విరుగుతాయి," అంది.

తద్దినం రోజు వంటింట్లో ఓ చెయ్యి వెయ్యడానికి వియత్నాంలోని ఈ బెన్ చెలో ఎవరికీ పిలుపు అక్కర్లేదు. కానీ ఈమెను ఎవరూ ఎరగరు. కాళ్ల నిండా ఎర్ర దుమ్ము. ఆ మట్టి ఈ కొబ్బరి తోటలది కాదు.

"ఏ ఊరు నీది?"

"తాయ్ నిన్ వైపు. కంబోడియా సరిహద్దు పక్క."

పెరట్లో అరటాకులు తుడుస్తున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి.

హ్వే మొగుడు థ్వాన్ సరిహద్దు యుద్ధానికి వెళ్లాడు. తిరిగి రాలేదు. సర్కారు ఒక కాగితం పంపింది. ఎముక ముక్క పంపలేదు. ఏ రోజు పోయాడో తెలియదు కాబట్టి, ఇల్లు విడిచిన రోజునే హ్వే తద్దినం పెడుతోంది. చచ్చినవాడికి సమాధి ఉండాలిగా, ఏదీ అని ఊరు అడిగింది. జవాబు కూడా ఊరే చెప్పుకుంది: వాడు చావలేదు, తాయ్ నిన్‌లో ఇంకోదానితో కాపురం పెట్టాడు.

ఆ మాట వింటూనే ఏటా హ్వే మొగుడి పటం ముందు వాడికిష్టమైన పొరల జెల్లీ పెట్టింది. చచ్చాడా, వదిలేశాడా? ఆ ఒక్క ముక్క తెలిస్తే చాలు, ఆమె కంటి నిండా నిద్రపోతుంది.

"ఎందుకొచ్చావు?"

"ఈ ఇల్లు వెతకడానికే ఇన్నేళ్లు పట్టింది. చెప్తాను. ముందు ఆయనకు ఒక్క అగరొత్తి వెలిగించనీ. పోయినవాళ్లని అడగకుండా వాళ్ల కబురు విప్పకూడదు."

"ముందు నువ్వెవరివో చెప్పు. నా మొగుడి పటం నీకు చూపించాలో వద్దో తర్వాత ఆలోచిస్తా."

"వెలిగించాక చెప్తాను."

"చెప్పాక వెలిగించు."

"వెలిగించనియ్యవే హ్వే," అంది పక్కింటి చిన్ పిన్ని. "పొగేగా, పోయేదేముంది?"

"పోయేది నా పరువు పిన్నీ. నీది కాదుగా!"

ఇద్దరూ మొండిఘటాలే. జెల్లీ మాత్రం ఎవరి పంతం కోసమూ ఆగదు. పళ్లెంలో కమ్మటి వాసనుండే పాందాన్ ఆకు రసంతో పచ్చ పొర పోసి ఉంది. దాని మీద కొబ్బరిపాల తెల్ల పొర, ఆ పైన మామిడి ముక్కల పొర పడాలి.

కొత్తామె పచ్చ పొర మీద వేలు ఆనించి చూసింది.

"ఇప్పుడు తెల్ల పొర పొయ్యి అక్కా. చంటిపిల్ల బుగ్గలా వణకాలి. గట్టిపడితే పై పొర అంటుకోదు. కోస్తే దేని దారి దానిది."

హ్వే చెయ్యి గాల్లోనే ఆగింది.

చంటిపిల్ల బుగ్గ. అది తన మాట. పెళ్లైన కొత్తలో, పక్కన కూర్చుని గిన్నెలు నాకే థ్వాన్‌తో తప్ప ఇంకెవరితోనూ అనలేదు.

"ఈ మాట నీకెవరు చెప్పారు?"

"ఆయనే."

"ఎప్పుడు?"

"ఒక రాత్రంతా చెప్పాడు. నీ జెల్లీ గురించే."

పెరట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు చాలు, హ్వే ఒళ్లు భగ్గుమంది.

"విన్నావా పిన్నీ! రాత్రంతా చెప్పాడట! నా జెల్లీని పొగడ్డానికి వాడికి దీని పక్క కావాల్సొచ్చింది!"

"అలా కాదక్కా, ఒక్క అగరొత్తి..."

"బతికున్నవాడికి అగరొత్తి ఎందుకే? ఇంట్లో కూర్చోబెట్టి మేపుతున్నావుగా! పో, ఆ నేర్చిందేదో వండి వాడికే తినిపించు!"

జబ్బ పట్టుకుని వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వీధిలోకి ఈడ్చింది. ఆమె ఎదురు తిరగలేదు. మెడ తిప్పి ఒక్కసారి లోపల పటం వైపు చూడబోయింది. అదీ కనబడకుండా హ్వే గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇంకోసారి ఈ గడప తొక్కావో, కొబ్బరికాయలు కొట్టే కత్తి మాట్లాడుద్ది!"

ఆమె వెళ్లిపోయింది.

"బాగా గడ్డిపెట్టావు," అన్నారు ఆడవాళ్లు.

హ్వే లోపలికి వచ్చి థ్వాన్ పటాన్ని గోడవైపు తిప్పేసింది. జవాబు దొరికింది. వదిలేశాడు. ఇన్నేళ్ల ఏడుపూ దండగ.

గట్టిపడ్డ పచ్చ పొర మీదే తెల్లది కుమ్మరించింది. తర్వాత కోస్తే పొరలు జారి దేనికది పడ్డాయి.

"అలాగే తినండి. వాడికి పెట్టేది లేదిక."

అప్పుడొచ్చాడు థ్వాన్ తమ్ముడు లుక్. మోటార్‌సైకిల్ వాకిట్లో పడేసి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో సగం కాలిన అగరొత్తి.

"వదినా, తాయ్ నిన్ ఆవిడ వచ్చిందా ఇక్కడికి?"

"వచ్చింది. తరిమేశా. నీకెలా తెలుసు?"

"దారిలో ఏడుస్తూ నడుస్తోంది. బస్టాండు దాకా ఎక్కించుకున్నా. బస్సెక్కించి, మా అన్న తద్దినానికి ఆలస్యమైపోతోంది వస్తానన్నా. మీ అన్న పేరేంటంది. చెప్పా. కిటికీలోంచే ఇది వెలిగించి నా చేతిలో పెట్టింది. అప్పుడు విప్పింది నోరు. అంతలో బస్సు కదిలింది. వెంటపడ్డా, అందలేదు. ఆమె పేరూ తెలీదు, తాయ్ నిన్‌లో ఏ పల్లె అన్నదీ తెలీదు."

"ఏమందేం? మీ అన్న కులాసాయేనట?"

లుక్ గోడకు తిరిగి ఉన్న పటాన్ని చూశాడు.

"‘మీ అన్న దెబ్బలతో మా ఇంటికొచ్చి, తెల్లారేసరికి నా ఒళ్లోనే పోయాడు, మా తోటలో నా మొగుడి సమాధి పక్కనే పాతిపెట్టాను, ఇన్నేళ్లూ ఇద్దరికీ నేనే అగరొత్తి వెలిగిస్తున్నాను’ అంది వదినా."