లోతు చాలలేదు

“ఇందులో వణుకే లేదండీ! నాకు అంటగట్టేశారు మీరు!”

ఉపేంద్ర అరుపుకి పక్కనున్న టీకొట్టులో జనం కూడా తలలు తిప్పి చూశారు. గిటార్ శబ్దాన్ని పెంచే కొత్త డిజిటల్ ఆంప్‌ని ఒళ్ళో పెట్టుకుని నందిగామ నుంచి బస్సులో వచ్చిన మనిషి. రావడం రావడమే దాన్ని జగ్గయ్యపేట మెయిన్ రోడ్డులోని జాన్‌బాషా సౌండ్ షాపులో దించి, తగువు మొదలెట్టాడు.

“అంత గట్టిగా అరవకండి సార్. నాకేం చెముడు లేదు,” అన్నాడు జాన్‌బాషా. బోణీ కాకముందే ఇదేం గొడవరా బాబూ అని లోపల విసుక్కుంటూ ఆంప్‌కి కరెంటు ఇచ్చాడు. ఉపేంద్ర గిటార్ తగిలించి, తీగ ఒకటి మీటి, ట్రెమలో అని రాసున్న బటన్ నొక్కాడు. స్వరం పెరుగుతూ తగ్గుతూ వణికింది.

“ఇదుగో, వస్తోందిగా! ఇంకేం కావాలి?”

ఉపేంద్ర ఆంప్ నెత్తిన అరచెయ్యి ఆనించి చూసి, తల అడ్డంగా ఊపాడు. “ఇది పైపైన. లోతు లేదు. నా పాత ఆంప్ అయితే స్టేజి చెక్కలు అదిరేవి. వణుకు అరికాళ్ళ దాకా వచ్చేది.”

“అదేమైంది మరి?”

“కాలిపోయింది. ఇరవై ఏళ్ళు వాయించా దాని మీద.” ఉపేంద్ర గిటార్ ఒళ్ళోకి తీసుకున్నాడు. “సాయంత్రం ముక్త్యాల ఫ్యాక్టరీ కాలనీలో మా ఆర్కెస్ట్రా ప్రోగ్రాం. దీంతో పోయిన రెండు ప్రోగ్రాముల్లోనూ తాళం తప్పా. ఇవాళ కూడా తప్పితే గిటార్ సర్దుకుని ఇంటికి పొమ్మన్నాడు మా లీడర్ వరప్రసాదరావు. నాకు ఇది తప్ప ఇంకో పని చేతకాదండి.”

జాన్‌బాషాకి జాలేసింది గానీ సంగతి మాత్రం అంతు పట్టలేదు. “తాళం తప్పితే ఆంప్ ఏం చేస్తుందండీ? పక్కన డ్రమ్స్ కొడుతుంటారుగా. వింటూ వాయించెయ్యడమే.”

ఉపేంద్ర డ్రమ్స్ మాట దాటేశాడు. “పాట ఎత్తుకునేది నేను. నా వెనకే అందరూ వస్తారు. ఆ వణుకు పట్టుకుని వేగం నిలబెట్టుకుంటా. అది అందకపోతే నా వల్ల కాదు,” అన్నాడు.

జాన్‌బాషా లోతు పెంచే డెప్త్ నాబ్‌ని నిండా తిప్పాడు. ఉపేంద్ర చాలలేదన్నాడు. ఇతను బాస్ పెంచాడు. అదీ చాలలేదన్నాడు. “స్పీడు తగ్గించమంటారా?” అని ఆంప్ వెనక నుంచి రెండుసార్లు అడిగాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ముందుకొచ్చి మూడోసారి అడిగితే, “ఆ, తగ్గించండి తగ్గించండి,” అని మళ్ళీ అదే అరుపు. పని చేయించుకోవడానికి వచ్చి ఇంత పొగరేంటి? జాన్‌బాషాకి ఒళ్ళు మండింది. అయినా చేతిలో పని సగంలో వదిలేసే రకం కాదు.

అరగంట కుస్తీ పట్టాక దొరికింది. లోపల కంప్రెసర్ అని ఒకటి ఆన్‌లో ఉంది. గట్టి శబ్దాన్ని తొక్కిపెట్టి, సన్నదాన్ని పైకి లేపడం దాని పని. ట్రెమలో స్వరాన్ని కిందికి దింపినప్పుడల్లా ఇది ఎత్తి కూర్చోబెడుతోంది. ఇంక లోతెక్కడ మిగుల్తుంది! దాన్ని ఆపేసి, ఆంప్‌ని గచ్చు మీంచి తీసి చెక్క బల్ల మీద పెట్టాడు.

“ఇప్పుడు కొట్టండి.”

ఉపేంద్ర చెప్పులు విడిచి, ఒక కాలు బల్ల మీద పెట్టి మీటాడు. స్వరం ధమ్మని లేచింది, గోతిలో పడ్డట్టు మాయమైంది, మళ్ళీ లేచింది. అద్దాల బీరువాలో మైకులు గలగలలాడాయి.

“ఇదేనండీ! ఇదే!” ఉపేంద్ర కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ కళ్ళు మూసుకుని పాట ఎత్తుకున్నాడు.

టీకొట్టు రత్తమ్మ గ్లాసులు కడగడం మానేసి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇంతలో సిమెంటు లారీ ఒకటి షాపు ముందే ఆగి, చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టింది. రత్తమ్మ రెండు చెవులూ మూసుకుంది. ఉపేంద్ర కనురెప్ప కూడా కదల్లేదు, ఒక్క దెబ్బా తప్పలేదు.

“ఎంత లీనమైపోయాడో చూడు మహానుభావుడు!” అని రత్తమ్మ తన కొట్టుకి వెళ్ళిపోయింది.

అప్పుడే జాన్‌బాషా సెల్ మోగింది. వరప్రసాదరావు.

“మా ఉపేంద్ర మీ దగ్గరికే వచ్చాడటగా? ఆర్నెల్లుగా నా ఫోనెత్తడు. ఏమన్నా అంటే నవ్వి ఊరుకుంటాడు. ఇవాళ అటో ఇటో తేల్చేస్తా. ఓసారి ఇవ్వండి.”

జాన్‌బాషా ఉపేంద్ర భుజం తట్టి, “మీ లీడర్,” అని ఫోన్ అందించాడు. ఉపేంద్ర మొహంలో నెత్తురు చుక్క లేదు. ఫోన్ ముట్టుకోలేదు. రెండు చేతులూ జోడించి, కళ్ళతోనే గిటార్ వైపు చూపించాడు.

ఏమీ అర్థం కాకపోయినా, “ఆయన వాయిస్తున్నారండి, మీరే వినండి,” అని జాన్‌బాషా ఫోన్ ఆంప్ ముందు పెట్టాడు. ఉపేంద్ర మళ్ళీ అందుకున్నాడు. చరణం అయ్యేదాకా వరప్రసాదరావు విన్నాడు.

“ఓరి వీడి దుంపతెగ, పాత సౌండ్ వచ్చేసిందే! తాళం గడియారంలా ఉంది. అయిదింటికల్లా వచ్చెయ్యమనండి,” అని పెట్టేశాడు.

ఆ మాట చెప్పగానే ఉపేంద్ర బల్ల అంచున కూలబడి, హమ్మయ్య అని మొహం తుడుచుకున్నాడు.

“అంతా బాగానే ఉంది గానీ,” జాన్‌బాషా నిలదీశాడు, “ఫోన్‌లో ఆ రెండు ముక్కలూ మీరే మాట్లాడితే ఏం పోయేదండీ?”

ఉపేంద్ర గుమ్మం వైపు ఓసారి చూసి, జాన్‌బాషా పెదాల మీదికే మళ్ళీ చూపు తిప్పుకున్నాడు.

“ఇందాక మీరన్నారే, నాకేం చెముడు లేదని... మీకు లేదండీ. నాకుంది.”