మకినాన్ ఫోటో

"మకినాన్ లెన్స్ మీదేనా అంకుల్?"

స్టూడియోలోకి అడుగు పెడుతూనే వనిత అడిగిన మాట అది. రాజమల్లు ఉలిక్కిపడ్డాడు. అమీర్‌పేటలో కోచింగ్ పిల్లలకు పాస్‌పోర్ట్ ఫోటోలు తీసుకునే మనిషి. ఆ పేరు విని ఇరవై ఏళ్లయింది. నికాన్, కెనాన్ అంటే రోడ్డున పోయేవాడికీ తెలుసు. మకినాన్ ఎవడికి తెలుసు?

"నాదే బిడ్డా. గా పేరు నీకెట్ల ఎరుక?"

"అప్పుడే ఏబీసీడీలు నేర్చుకున్న. మీరు ఫోటో తీస్తుంటే లెన్స్ చుట్టు అక్షరాలు ఒక్కొక్కటే చదివిన. మీ మెడల రెండు కెమెరాలుండె. పంజగుట్టల షాపులన్నీ తిరిగితే ఒకాయన మీ అడ్రస్ చెప్పిండు."

తొంభై ఆరులో, సనత్‌నగర్‌లో పెళ్లి. గిన్నెలు కడగడానికి వెళ్లిన మంగవ్వ, ఐదేళ్ల కూతురు వనితను ఎత్తుకుని "ఒక్క ఫోటో తియ్యరాదు అన్నా" అంది. ఫోటోగ్రాఫర్ ఒకటి కాదు, మూడు ఫ్లాషులు కొట్టాడు. ఆ వానాకాలమే మంగవ్వ జ్వరంతో పోయింది. ఆమెది ఇంకో ఫోటో లేదు.

"అమ్మ చీర యాదికున్నది. మొఖమే యాదికి లేదు అంకుల్. మీ కాడ నెగటివులు ఉంటయి గదా?"

"రెండో కెమెరాకు నికాన్ లెన్స్ ఉండె. గదే గావచ్చు. జర మంచిగ యాది చేస్కో."

"కాదు అంకుల్. ఎమ్ తోని మొదలు."

రాజమల్లు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మస్తు డబ్బాలున్నయి. దేవులాడాలె," అన్నాడు. ఆ ఒక్క మాటతో చిక్కుకుపోయాడు.

వనిత ప్రతి ఆదివారం వచ్చేది. ఇద్దరూ నేల మీద కూర్చుని నెగటివులు ట్యూబ్‌లైటుకు ఎత్తి చూసేవారు. మూడో వారం ఆ పెళ్లి దొరికింది. పెళ్లికొడుకు ఉన్నాడు, పెళ్లికూతురు ఉంది, ఐస్‌క్రీమ్ తింటున్న చుట్టాలున్నారు. మంగవ్వ లేదు.

"ఇంకో రీలు ఉంటది అంకుల్."

"ఉంటది," అన్నాడు. ఇంకో డబ్బా ముందుకు లాగాడు.

వనిత వెళ్లాక భార్య రాజమణి కసిరింది. "ఎన్నాళ్లు తిప్పుతవయ్యా గా పిల్లను? చెప్పరాదు?"

"నువ్వు చెప్పు."

మరుసటి ఆదివారం రాజమణి చెబుదామనే వచ్చింది. వనిత ముఖం చూసింది. చాయ్ చేతికిచ్చి లోపలికి పోయింది.

ఎనిమిదో వారం ఆఖరి డబ్బా కూడా అయిపోయింది.

"ఒక్కసారి గా లెన్స్ చూస్త," అంది వనిత.

బీరువాలోంచి తీసిచ్చాడు. లోపలంతా బూజు. ఆమె లెన్స్ చుట్టూ ఉన్న అక్షరాలను వేలితో నెమ్మదిగా తడిమింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఫోటో దొరకకుంటే పాయె, ఫికర్ చెయ్యకుండ్రి. పనోళ్లమని చూడకుంట మూడుసార్లు తీసిండ్రు. మస్తు మంచోడే బిడ్డా అని అమ్మ పోయేదాంక చెప్పుకున్నది."

అయ్యో, ఆ మాట అనకపోయినా బాగుండేది. రాజమల్లుకు ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది.

పెళ్లిళ్లలో ఫోటో తియ్యమని అడిగే పనివాళ్ల ముందు ఉత్త ఫ్లాష్ కొట్టి పంపడానికి ఆయన మెడలో వేసుకునే కెమెరాకే మకినాన్ ఉండేది. అందులో ఏనాడూ రీలు వేయలేదు.