మొదటి ముద్ద

షేరు మార్కెట్లో లిస్టయిన తన కారం కంపెనీకి ఏ ముప్పూ లేదని వార్షిక నివేదికలో అచ్చేయించెయ్యాలి. అదీ 2004లో అంకమ్మరావు పన్నాగం.

ముప్పు లేకేం, బ్రహ్మాండంగా ఉంది. కారం ఎర్రగా కనబడాలని అందులో బట్టల రంగు కలిపించాడు. విదేశాల్లో పరీక్ష చేసి, తింటే కేన్సరొస్తుందని లోడు మొత్తం తిప్పి పంపారు. అదిప్పుడు గుంటూరు గోడౌన్లో భద్రంగా ఉంది. సంగతి బయటపడిందా, షేరు పాతాళానికి పోతుంది, ఆయన జైలుకి పోతాడు.

బోర్డుతో చిక్కేమీ లేదు. అందులో ఉన్నది భార్య, బావమరిది, తోడల్లుడు. మీటింగంటే పెసరట్టు ఉప్మా తిని చేతులెత్తడమే. అయితే ఈమధ్య, బోర్డులో బయటివాళ్ళు కూడా ఉండి తీరాలని రూలొచ్చింది. అంకమ్మరావు ఏరికోరి చిన్ననాటి స్నేహితుడు అల్లాబక్షుని వేసుకున్నాడు. మిర్చి యార్డులో వ్యాపారం మానేసి, మీటింగుల్లో హాయిగా గుర్రు పెట్టే పెద్దమనిషి. ఇంతకన్నా మంచి స్వతంత్ర డైరెక్టరు ఎక్కడ దొరుకుతాడు!

ఆ నివేదిక బోర్డు ముందుకొచ్చిన రోజు మాత్రం ఒక కన్ను తెరిచాడు.

"ఏరా, వెనక్కొచ్చిన లోడు సంగతి ఇందులో లేదేంటి?"

"అదేదో తేమ గొడవలేరా. నువ్వు సంతకం పెట్టు."

"షేర్‌హోల్డర్ల సభలో అందరి ముందూ పెడతాలే. కానీ ఆ రోజు భోజనాల పెత్తనం నాది. మొదటి ముద్ద అందరికీ మన గోడౌన్లో కారమే. వేడన్నం, నెయ్యి. వద్దన్నావనుకో, జనం అనుమానపడతారు."

ఒక్కపూటకేం కాదులే అనుకున్నాడు అంకమ్మరావు. భార్యని ఉపవాసం ఉండమన్నాడు. కూతురు శ్రీరమ్యని వాడరేవు షికారుకి పంపించేశాడు. తనకెలాగూ పెరుగన్నం ఉంది. తన తెలివికి తనే మురిసిపోయి ఈలేసుకుంటూ తిరిగాడు.

షేర్‌హోల్డర్ల సభకి కల్యాణమండపం పెళ్ళిలా కిటకిటలాడింది. బంతి వేసి, అన్నం, కారం వడ్డించారు.

"వానలు తప్ప మన కంపెనీకి ఇంకే ముప్పూ లేదండీ!" అన్నాడు అంకమ్మరావు మైకులో. చప్పట్లు మోగిపోయాయి.

అంతలో శ్రీరమ్య పరుగెత్తుకొచ్చి ముందు విస్తరి దగ్గర కూర్చుంది.

"నువ్విక్కడేంటే?"

"బక్షు బాబాయ్ ఫోన్ చేశాడు నాన్నా! మొదటి ముద్ద నాదేనంట!"

ఎర్రగా కలిపి నోటిదాకా తీసుకెళ్ళింది. అంకమ్మరావుకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"తినకు తల్లీ! అందులో బట్టల రంగు కలిపాను! కేన్సరొస్తుంది!"

మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

మండపంలో ముద్దలన్నీ ఎక్కడివక్కడే ఆగిపోయాయి. "పట్టుకోండ్రా వీణ్ణి!" అని ఎవరో అరిచారు. అల్లాబక్షు ఆవులించి, తాపీగా లేచొచ్చి మైకు అందుకున్నాడు.

"మీరు కంగారుపడకుండా భోంచెయ్యండి. గోడౌన్ తాళం నేనసలు తియ్యనేలేదు, ఈ కారం మా ఆవిడ ఖుర్షిదా ఇంట్లో దంచింది."