ఇరవై రెండు నిమిషాల దూరం

కడప నుంచి రాజమండ్రికి ఇప్పుడు ఇరవై రెండు నిమిషాలు. పైలట్ లేని విమానాలు అరగంటకొకటి, సిటీ బస్సుల్లా తిరుగుతున్నాయి. కడపలో వాటికి సామాన్లు ఎక్కించి దించేది నేనే. నాకు టికెట్ కూడా అక్కర్లేదు.

రాజమండ్రిలో ఒంటరిగా ఉండే మా అక్క వకుళకు మోకాళ్లు పట్టేశాక, రోజూ పదకొండింటి విమానంలో అన్నం క్యారియర్ పెడుతున్నాను. అక్కడ దిగగానే డ్రోన్ దాన్ని అక్క గుమ్మంలో దించుతుంది. సాయంత్రానికి మళ్లీ నా చేతికొస్తుంది.

"ఎప్పుడొస్తావే?" అని అక్క ఫోన్లో అడిగేది.

"ఎంతసేపక్కా, ఎప్పుడన్నా వస్తాలే," అనేదాన్ని.

రాత్రంతా బస్సులో కూర్చోవాల్సిన రోజుల్లో ఏడాదికి రెండుసార్లు వెళ్లి వారం ఉండేదాన్ని. ఈ విమానాలు వచ్చి రెండేళ్లయినా ఒక్కసారీ ఎక్కలేదు.

గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని మా అమ్మ నేర్పింది. అందుకే అక్క క్యారియర్‌లో ఏదో ఒకటి పెట్టేది. మొదట్లో సున్నుండలు, తర్వాత నిమ్మకాయలు, ఈమధ్య చెంచాడు చక్కెర. ఆ చక్కెర టీలో కలుపుకుని తాగేశానే తప్ప, ఇంట్లో సరుకులున్నాయా అని అడగలేదు.

నిన్న సాయంత్రం సామాన్లలో క్యారియర్ లేదు. వెతుకుతుంటే చక్రాల కుర్చీలో అక్క దిగింది, ఒళ్లో క్యారియర్ పెట్టుకుని.

"చక్కెర కూడా అయిపోయిందే. ఖాళీగా పంపబుద్ధి కాలేదు, నేనే వచ్చేశాను," అంది.

కుర్చీ పట్టుకోవడానికి వంగినదాన్ని తల ఎత్తలేకపోయాను.

"నువ్వన్నది నిజమేనే," అంది అక్క. "ఎంతోసేపు పట్టలేదు."