లోపలి కొలత

ఆ పొద్దున షావుకారు చేతిలో ఉన్నవి ముప్పై తొమ్మిది పంపు బాడీలు, ఒక కాగితం, సాయంత్రం నాలుగింటి దాకా గడువు. లోహం కరిగించి పోసినవి నలభై. నలభయ్యోదాన్ని కంపెనీ వాళ్ళు రంపంతో నిలువునా కోసి చూశారు. లోపల చమురు నడిచే దారి పన్నెండు మిల్లీమీటర్లు ఉండాల్సింది పన్నెండు పాయింటు మూడు ఉందని కాగితం రాసి సరుకంతా తిప్పి పంపేశారు. నాలుగింటిలోగా కొలత సరైనదేనని రుజువు తెస్తే సరే, లేదంటే ఆ పని ఇంకో వర్క్‌షాపుకి పోతుంది. షావుకారు వర్క్‌షాపుకి ఉన్నది ఆ ఒక్క పనే.

అందుకే ఒక బాడీని చంకలో పెట్టుకుని, ఎక్స్‌రే తీసి కొలిచే చోటికి పరుగున వచ్చాడు. మిగతా ముప్పై ఎనిమిదీ వర్క్‌షాపులో బావమరిది దగ్గర ఉన్నాయి. వాటిని పోసిందీ చెక్కిందీ అతనే.

"లోపలి దారి వంకర తిరిగి ఉంటుందమ్మా. కొలిచే గేజి మలుపు దాకా పోదు. ఈ యంత్రం చూసి చెబుతుందా?"

"వెంట్రుకలో పదో వంతు తేడా ఉన్నా చెబుతుందండీ," అంది యంత్రం నడిపే అమ్మాయి. "కాకపోతే ముందు గంటసేపు ఇది ఈ గదిలో ఉండాలి. ఎండలో వేడెక్కి వచ్చింది. లోహం వేడి మీద ఉబ్బి ఉంటుంది."

"గంటా? ఏం, కొత్త కోడలా ఇంటికి అలవాటు పడ్డానికి?"

"కోడలైతే సర్దుకుపోయేదండీ. ఇది సర్దుకోదు."

గంట గడిచింది. బాడీ సీసపు గోడల పెట్టెలోకి వెళ్ళి, గుండ్రటి బల్ల మీద నత్తలా తిరగడం మొదలుపెట్టింది. కాస్త తిరిగినప్పుడల్లా ఒక ఫోటో. మొత్తం పదహారు వందలు తీయాలి.

"ఎనిమిది వందలతో సరిపెట్టెయ్యమ్మా."

"సగం తీస్తే సగం నిజమే వస్తుందండీ. ఇంకో గంటన్నర పడుతుంది."

షావుకారు కూర్చోలేకపోయాడు, నిలబడలేకపోయాడు. గుమ్మం దాకా వెళ్ళి వచ్చాడు. గోడ గడియారం చూసి, చేతి గడియారం చూసి, రెండూ ఒకే టైము చూపిస్తున్నందుకు విసుక్కున్నాడు. చివరికి ఫోన్ తీశాడు.

"ఒరేయ్, ఇవి నాలుగు రోజులు పోశావు కదా. ఏ రోజువి చెడ్డాయో తేలితే, మంచివైనా పట్టుకెళ్ళి బతిమాలుకోవచ్చు. మొదటి రోజుది ఒకటి కోసి కొలువు."

"అక్కడ ఎక్స్‌రే తీస్తున్నారు కదా బావా? ఇక్కడ కొయ్యడం ఎందుకు?"

"మీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నాను. కొయ్యమంటే కొయ్యి!"

పది నిమిషాలకి జవాబు వచ్చింది. పన్నెండు పాయింటు మూడు ఒకటి. షావుకారు చీటీ మీద రాసుకున్నాడు.

"రెండో రోజుది కొయ్యి."

మళ్ళీ అంతే. మూడో రోజుదీ అంతే. నాలుగో రోజుది కోయిస్తూ ఫోన్ పెట్టకుండా చెవికి ఆనించుకునే ఉన్నాడు. రంపం కీచుమంది. పన్నెండు పాయింటు మూడు ఒకటి.

"నాలుగు రోజులూ నాశనం చేశావు కదరా! మీ అక్క నిన్ను తెచ్చి నా నెత్తిన పెట్టింది చూడూ, దాన్ని అనాలి. మిగిలినవన్నీ ముక్కలు కోసి కొలిమిలో పడెయ్యి. కరిగించి కొత్తవి పోద్దాం. కంపెనీ వాడి గడ్డం పట్టుకుని ఒక వారం అడుగుతాను."

"ఆ రిపోర్టు వచ్చేదాకా ఆగుదాం బావా..."

"నీ సలహా అడిగానా? రంపం చప్పుడు నాకు వినబడాలి!"

వినబడింది. ఆగకుండా వినబడింది. ఒక్కో కీచుకీ షావుకారు కళ్ళు మూసుకున్నాడు.

"రండి, చూద్దురు గాని," అని పిలిచింది అమ్మాయి. తెర మీద బాడీ నిలువునా తెరుచుకుని కనిపిస్తోంది. పక్కన బల్ల మీద అసలు బాడీ చిన్న గీత కూడా పడకుండా ఉంది. "పన్నెండు పాయింటు సున్నా ఒకటి. మలుపు దగ్గర కూడా అంతే. లక్షణంగా ఉందండీ."

"మరి కోస్తే పాయింటు మూడెందుకు ఎక్కువ వచ్చింది?"

"పోత చల్లారేటప్పుడు లోపల బిగువు ఉండిపోతుంది. రంపం పడగానే ఆ బిగువు వదిలి, దారి నోరు తెరుస్తుంది. బాడీలో తప్పు లేదు, కోసి కొలవడంలోనే ఉంది. కంపెనీ వాళ్ళకి అదే రాసిస్తాను. దాంతో పాటు మిగతావన్నీ నాలుగు కాకముందే కంపెనీకి పంపించెయ్యొచ్చు."

షావుకారు కుర్చీలో కూలబడ్డాడు.

"మిగతావి లేవమ్మా. కోయించేశాను."

చీటీ ముందుకు తోశాడు. ఆ అమ్మాయి దాన్ని ఒకసారి చూసింది, మళ్ళీ చూసింది.

"ఇవి నాలుగు వేరే వేరే రోజులవా?"

"అవును."

"నాలుగూ పన్నెండు పాయింటు మూడు ఒకటేనా? కోసిన ముక్క ఒక్కోటీ ఒక్కోలా తెరుచుకుంటుందండీ. ఇలా అచ్చుగుద్దినట్టు రావడం నేనెప్పుడూ చూడలేదు."

షావుకారు ఫోన్ అందుకున్నాడు. అవతల రంపం ఇంకా కీచుమంటూనే ఉంది.

"ఆపరా! ఆపి నిజం చెప్పు. ఎన్ని మిగిలాయి?"

రంపం ఆగింది.

"తిట్టనంటే చెప్తాను బావా. ఇక్కడ ముప్పై ఏడు, నీ దగ్గర ఒకటి. మొదటిది కోశాక ఇంకోటి కొయ్యడానికి నాకు చేతులు రాలేదు, దాన్నే మళ్ళీ మళ్ళీ కొలిచి చెప్పాను. నీకు చప్పుడు వినబడాలి కదా అని, షెడ్డు వెనక పడున్న ఇనప గొట్టం కోస్తూ కూర్చున్నాను. ఆ గొట్టమొక్కటే పూర్తిగా పోయింది."